లినక్స్ వర్చువల్ సర్వర్ గెస్టులలో ప్యాకేజీ డేటాబేస్ నిర్వహణ: దిల్‌సుఖ్‌నగర్ - ఎల్.బి.నగర్ శిక్షణ ప్రయోగశాలలకు అన్వయం

వ్యాససంగ్రహం:

ఒకే యంత్రంపై అనేక లినక్స్ గెస్ట్ సర్వర్లు నడిచేటప్పుడు ఏ గెస్టులో ఏ సాఫ్ట్‌వేర్ ఉందో తెలిపే ప్రధాన ఆధారం ప్యాకేజీ డేటాబేస్. దీన్ని గెస్ట్ లోపలే ఉంచాలా, హోస్ట్ ఆధీనంలో బయట ఉంచాలా అన్నది పైకి సాంకేతిక ప్రశ్నలా కనిపిస్తుంది. నిజానికి అది అధికారానికీ బాధ్యతకూ సంబంధించిన ప్రశ్న. లినక్స్-విసర్వర్ వ్యవస్థ ఈ ప్రశ్నకు సూచించిన రెండు మార్గాలను ఈ వ్యాసం వివరిస్తుంది. వాటి లాభనష్టాలను హార్ట్‌బ్లీడ్ ఉదంతం ఆధారంగా పరిశీలిస్తుంది. తూర్పు హైదరాబాద్‌లోని కంప్యూటర్ శిక్షణ ప్రయోగశాలల అవసరాలకు తగిన విధానాన్ని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: లినక్స్-విసర్వర్, గెస్ట్, హోస్ట్, ప్యాకేజీ డేటాబేస్, డిపికెజి, ఆర్‌పీఎమ్, అంతర్గత నిర్వహణ, బాహ్య నిర్వహణ, ప్రయోగశాల.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాద్ తూర్పు భాగంలో, విజయవాడ జాతీయ రహదారి వెంట, దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి మీదుగా ఎల్.బి.నగర్ వరకు ఉన్న ప్రాంతం కోచింగ్ సెంటర్లకూ హాస్టళ్లకూ పేరుపొందింది. పోటీపరీక్షల శిక్షణతోపాటు కంప్యూటర్ కోర్సులు కూడా ఇక్కడ నడుస్తాయి. అమీర్‌పేట - ఎల్.బి.నగర్ మెట్రోమార్గం 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైన తరువాత నగరంలోని ఇతర ప్రాంతాల విద్యార్థులకు ఇక్కడికి రాకపోకలు సులువయ్యాయి.

లినక్స్ నిర్వహణ నేర్చుకునే విద్యార్థికి తనదైన సర్వర్ కావాలి. అందులో అతనికి పూర్తి అధికారం, అంటే 'రూట్' హోదా, ఉండాలి. ప్రతివిద్యార్థికీ ఒక యంత్రం కొనడం ఏ సంస్థకైనా భారమే. అందువల్ల ఒక బలమైన యంత్రాన్ని అనేక గెస్టులుగా విభజించడం సహజమైన పరిష్కారం. అయితే ఈ విభజనతో ఒక కొత్త సమస్య ఎదురవుతుంది. నలభై గెస్టులుంటే నలభై రకాల సాఫ్ట్‌వేర్ స్థితులు ఏర్పడతాయి. వాటిలో ఏది భద్రమైనదో, ఏది కాదో చెప్పవలసిన బాధ్యత మాత్రం యంత్రాన్ని నడిపే సంస్థదే. ఆ సమాధానం చెప్పడానికి కావలసిన రికార్డు ఎవరి చేతిలో ఉండాలన్నదే ఈ వ్యాసంలోని ప్రధానాంశం.

2. ప్యాకేజీ డేటాబేస్ - స్వరూపం:

లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల రూపంలో అందుతుంది. ఒక ప్యాకేజీని స్థాపించినప్పుడు రెండు పనులు జరుగుతాయి. మొదటిది, ప్యాకేజీలోని ఫైళ్లు డిస్క్‌పై తమతమ స్థానాలకు చేరడం. రెండవది, ఆ చేరికను డేటాబేస్‌లో నమోదు చేయడం. ప్యాకేజీ పేరు, వెర్షన్, ఆధారపడే ఇతర ప్యాకేజీలు, అందులోని ఫైళ్ల పట్టిక, వాటి సరిచూపు సంఖ్యలు ఈ నమోదులో ఉంటాయి. కళాశాల గ్రంథాలయంలోని అక్సెషన్ రిజిస్టర్ చేసే పని ఇలాంటిదే. పుస్తకం అరలో కనిపించినంత మాత్రాన అది ఎప్పుడు, ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. రిజిస్టర్ చూస్తేనే తెలుస్తుంది.

డెబియన్ కుటుంబంలో ఈ పని డిపికెజి చేస్తుంది. దాని డేటాబేస్ '/వార్/లిబ్/డిపికెజి' అనే డైరెక్టరీలో ఉంటుంది. అందులోని 'స్టేటస్' అనే ఫైలు సాధారణ పాఠ్యరూపంలో ఉంటుంది కనుక దాన్ని ఎవరైనా తెరిచి చదవవచ్చు. 'ఇన్ఫో' అనే ఉపడైరెక్టరీలో ప్రతిప్యాకేజీకి సంబంధించిన ఫైళ్ల జాబితాలు, సరిచూపు సంఖ్యలు, స్థాపన లిపులు ఉంటాయి. రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఆర్‌పీఎమ్ ఈ పాత్ర వహిస్తుంది. దాని డేటాబేస్ ద్వ్యంకరూపంలో ఉంటుంది. చాలాకాలం దీనికి బర్క్‌లీ డీబీ ఆధారంగా ఉండేది. 2020లో వెలువడిన ఫెడోరా 33 నుంచి ఎస్‌క్యూలైట్ ఆ స్థానంలోకి వచ్చింది.

ఈ రెండు కుటుంబాల మధ్య భేదం నిర్వహణపై ప్రభావం చూపుతుంది. పాఠ్యరూప డేటాబేస్‌ను ఒక యంత్రం నుంచి మరొకదానికి నకలు తీసి చదవడం సులువు. ద్వ్యంకరూప డేటాబేస్‌ను చదవాలంటే దాని నిర్మాణం తెలిసిన ఆర్‌పీఎమ్ వెర్షన్ కావాలి.

డేటాబేస్ పోతే సర్వర్ వెంటనే ఆగిపోదు. ప్రోగ్రాములు యథాప్రకారం నడుస్తూనే ఉంటాయి. కానీ కొత్త ప్యాకేజీని చేర్చడం, పాతదాన్ని తొలగించడం, భద్రతాసవరణ వేయడం అసాధ్యమవుతాయి. నష్టం జరిగిన రోజునే బయటపడకపోవడం వల్ల దీని ప్రాముఖ్యాన్ని తక్కువగా అంచనా వేయడం పరిపాటి.

3. ఒకే కెర్నెల్, అనేక గెస్టులు:

లినక్స్-విసర్వర్ ప్రాజెక్టును జాక్ జెలినా 2001లో ప్రారంభించాడు. తరువాతి కాలంలో హెర్బర్ట్ పోట్జల్ నాయకత్వంలో అది అభివృద్ధి చెందింది. గెస్టులను సృష్టించి నడిపే పనిముట్ల సముదాయమైన 'యుటిల్-విసర్వర్'ను ఎన్రికో షోల్జ్ రూపొందించాడు. ఈ వ్యవస్థ ప్రధాన లినక్స్ కెర్నెల్‌లో ఎన్నడూ విలీనం కాలేదు. విడిగా అతికించుకోవలసిన సవరణగానే కొనసాగింది. అయినా తరువాత వచ్చిన ఎల్‌ఎక్స్‌సీ, డాకర్ వంటి కంటైనర్ వ్యవస్థలు ఎదుర్కొన్న ప్రశ్నలలో చాలావాటిని ఇది ముందే ఎదుర్కొంది. ప్యాకేజీ డేటాబేస్ స్థానం వాటిలో ఒకటి.

ఈ పద్ధతిలో గెస్ట్‌కు సొంత కెర్నెల్ ఉండదు. హోస్ట్ కెర్నెలే అన్ని గెస్టులకూ సేవలందిస్తుంది. ప్రతిగెస్ట్‌కూ విడి ఫైళ్లు, విడి ప్రక్రియలు, విడి రూట్ హోదా ఉంటాయి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల ఏర్పాటుతో దీన్ని పోల్చవచ్చు. భవనం, నీళ్ల ట్యాంకు, కరెంటు మీటరు అందరికీ ఒకటే. గదులు, తాళాలు మాత్రం ఎవరివి వారివే. కేవీఎమ్ వంటి పూర్తి వర్చువలైజేషన్ పద్ధతి ఇందుకు భిన్నం. అందులో ప్రతిగెస్ట్‌కూ సొంత కెర్నెల్, సొంత డిస్క్ ఉంటాయి కనుక అది విడి ఇంటితో సమానం.

విసర్వర్ గెస్ట్ ఫైళ్లు హోస్ట్‌పై ఒక సాధారణ డైరెక్టరీలో ఉంటాయి. కాబట్టి హోస్ట్ నిర్వాహకుడు వాటిని నేరుగా చూడగలడు. ఈ వెసులుబాటు వల్లనే డేటాబేస్‌ను ఎక్కడ ఉంచాలన్న ఎంపిక సాధ్యమైంది. గదిలోని సామాను జాబితా గదిలోనే ఉండాలా, వార్డెన్ దగ్గర ఉండాలా అన్న ప్రశ్న వంటిదే ఇది.

4. అంతర్గత నిర్వహణ:

డేటాబేస్‌తోపాటు ప్యాకేజీ పనిముట్లు కూడా గెస్ట్ లోపలే ఉండడం అంతర్గత నిర్వహణ. గెస్ట్‌లోకి ప్రవేశించిన రూట్ వాడుకరి తానే ప్యాకేజీలను స్థాపిస్తాడు, తానే తొలగిస్తాడు. డెబియన్ గెస్టులలో సాధారణంగా ఈ పద్ధతే అమలులో ఉంటుంది.

దీనిలో ప్రధానలాభం స్వయంసమృద్ధి. గెస్ట్ డైరెక్టరీని నకలు తీస్తే డేటాబేస్ కూడా వెంట వస్తుంది. మరో హోస్ట్‌కు తరలించినా ఫైళ్లకూ నమోదుకూ పొంతన చెడదు. గెస్ట్‌లోని పంపిణీ వెర్షన్ ఏదైతే దానికి తగిన పనిముట్టే డేటాబేస్‌ను వాడుతుంది కాబట్టి నిర్మాణభేదాల సమస్య రాదు.

లోపం విశ్వసనీయతలో ఉంది. గెస్ట్‌లో రూట్ హోదా ఉన్నవారు డేటాబేస్‌ను మార్చగలరు. తెలియక పాడుచేయవచ్చు, దాడిచేసినవారు కావాలనే మార్చవచ్చు. ఒక ప్రోగ్రామును మార్చి, దానికి తగినట్లు సరిచూపు సంఖ్యను కూడా మార్చితే గెస్ట్ లోపలినుంచి చేసే తనిఖీలో అంతా సక్రమంగానే కనిపిస్తుంది. తనిఖీకి గురికావలసిన వ్యక్తి చేతిలోనే తనిఖీ పుస్తకం ఉండడం ఇక్కడి అసలు ఇబ్బంది.

స్థలవ్యయం మరొక అంశం. ప్రతిగెస్ట్‌లోనూ ప్యాకేజీ పనిముట్లు, భాండారాల సూచికలు, దిగుమతి చేసుకున్న ప్యాకేజీల నిల్వలు ఉండవలసి వస్తుంది. ఒకే సమాచారం గెస్టుల సంఖ్యకు తగినన్నిసార్లు డిస్క్‌పై పేరుకుంటుంది.

5. బాహ్య నిర్వహణ:

డేటాబేస్‌ను గెస్ట్‌కు అందని చోట, హోస్ట్ ఆధీనంలో ఉంచడం బాహ్య నిర్వహణ. యుటిల్-విసర్వర్‌లో ఇందుకోసం 'విఆర్‌పీఎమ్', 'వియమ్', 'విఆప్ట్-గెట్' అనే ఆదేశాలు ఉన్నాయి. హోస్ట్ నిర్వాహకుడు గెస్ట్ పేరు చెప్పి ఈ ఆదేశాలను నడిపితే ఫైళ్లు గెస్ట్‌లోకి వెళ్తాయి, నమోదు మాత్రం బయటి డేటాబేస్‌లో జరుగుతుంది. ఒక పద్ధతినుంచి మరొకదానికి మారడానికి 'ఇంటర్నలైజ్', 'ఎక్స్‌టర్నలైజ్' అనే ఉపాదేశాలు ఉన్నాయి.

ఈ భావన విసర్వర్‌కే పరిమితం కాదు. డేటాబేస్ డైరెక్టరీని విడిగా సూచించే 'అడ్మిన్‌డిర్' ఐచ్ఛికం డిపికెజిలో, 'డీబీపాత్' ఐచ్ఛికం ఆర్‌పీఎమ్‌లో ఉన్నాయి. ఫైళ్ల స్థానం, నమోదు స్థానం వేరువేరు కావచ్చునన్న ఆలోచన మూలపనిముట్లలోనే ఉందని దీన్నిబట్టి తెలుస్తుంది.

బాహ్య నిర్వహణలో మూడు లాభాలున్నాయి. ఒకటి, గెస్ట్‌లోని రూట్ వాడుకరి నమోదును తాకలేడు. రెండు, గెస్ట్‌లో ప్యాకేజీ పనిముట్లే అవసరం లేదు కనుక గెస్ట్ చిన్నదిగా ఉంటుంది. మూడు, అన్ని గెస్టుల సమాచారం ఒకేచోట దొరుకుతుంది. గెస్టులలోని సమానఫైళ్లను ఒకే నకలుగా మార్చి డిస్క్ స్థలాన్ని ఆదాచేసే 'వియూనిఫై' అనే పనిముట్టుకు కూడా ఈ సమాచారం ఉపయోగపడుతుంది. ఏది ప్రోగ్రాము, ఏది వాడుకరి మార్చుకునే అమరికఫైలు అన్నది అది ప్యాకేజీ డేటాబేస్ నుంచి గ్రహించగలదు.

నష్టాలు కూడా తక్కువేమీ కావు.

మొదటిది స్థాపన లిపులకు సంబంధించినది. ప్యాకేజీతోపాటు వచ్చే ఈ లిపులు స్థాపన సమయంలో నడుస్తాయి. హోస్ట్ అధికారంతో వాటిని నడిపితే గెస్ట్‌లోని ఫైళ్లు హోస్ట్ హోదాతో అమలయ్యే ప్రమాదముంది. కేవలం మూలడైరెక్టరీని మార్చడం ఇందుకు చాలదు. అందుకే విసర్వర్ పనిముట్లు లిపులను గెస్ట్ పరిధిలోకి ప్రవేశపెట్టి నడిపే ప్రత్యేక ఏర్పాటు చేశాయి. నేటి కంటైనర్లపై హోస్ట్ నుంచి నేరుగా డిపికెజి లేదా ఆర్‌పీఎమ్ నడిపేవారు కూడా ఈ జాగ్రత్తను గుర్తుంచుకోవాలి.

రెండవది నిర్మాణభేదం. హోస్ట్‌లోని కొత్త ఆర్‌పీఎమ్ రాసిన డేటాబేస్‌ను గెస్ట్‌లోని పాత ఆర్‌పీఎమ్ చదవలేకపోవచ్చు. బాహ్యపద్ధతినుంచి అంతర్గతపద్ధతికి మారేటప్పుడు ఇది బయటపడుతుంది.

మూడవది పొంతన. గెస్ట్ ఫైళ్లను గత నెల నకలునుంచి పునరుద్ధరించి, బాహ్య డేటాబేస్‌ను నేటిదిగానే ఉంచితే నమోదు ఒకటి, వాస్తవం మరొకటి అవుతాయి. రెండింటి నకలునూ ఒకే సమయంలో తీయడం, రెండింటినీ కలిపే పునరుద్ధరించడం తప్పనిసరి.

6. పరీక్షాసందర్భం - హార్ట్‌బ్లీడ్:

డేటాబేస్ విలువ భద్రతాలోపం బయటపడిన రోజున తెలుస్తుంది. 2014 ఏప్రిల్ 7న హార్ట్‌బ్లీడ్ అనే లోపం వెల్లడైంది. ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.0.1 నుంచి 1.0.1ఎఫ్ వరకు ఉన్న వెర్షన్లు దానికి గురయ్యాయి. 1.0.1జి వెర్షన్‌లో దాన్ని సరిచేశారు.

అయితే డెబియన్, రెడ్‌హ్యాట్ వంటి పంపిణీలు తమ స్థిరవిడుదలలలో 1.0.1జికి మారలేదు. అప్పటికే ఉన్న 1.0.1ఇ వెర్షన్‌కే సవరణను చేర్చి ప్యాకేజీ సంఖ్యను మాత్రం పెంచాయి. డెబియన్ 7లో '1.0.1ఇ-2+డెబ్7యు5' అనే ప్యాకేజీ ఆ లోపాన్ని సరిచేసింది. ప్రోగ్రామును దాని వెర్షన్ అడిగితే సవరణకు ముందూ తరువాతా 1.0.1ఇ అనే చెబుతుంది. చివరనున్న పంపిణీసంఖ్యలో మాత్రమే తేడా కనిపిస్తుంది. ఆ సంఖ్య నమోదై ఉండేది ప్యాకేజీ డేటాబేస్‌లోనే. డేటాబేస్ లేని గెస్ట్, లేదా నమ్మదగని డేటాబేస్ ఉన్న గెస్ట్ భద్రంగా ఉందో లేదో తేల్చడం కష్టం.

ఈ ఉదంతంలో డేటాబేస్ పరిమితి కూడా తెలుస్తుంది. కొత్త ప్యాకేజీ నమోదైనా, అంతకుముందే మొదలైన ప్రక్రియ పాత లైబ్రరీని జ్ఞాపకంలో ఉంచుకొని నడుస్తూనే ఉంటుంది. దాన్ని పునఃప్రారంభించేవరకు లోపం కొనసాగుతుంది. ఒకే కెర్నెల్‌పై నడిచే గెస్టులలో హోస్ట్ నిర్వాహకుడు అన్ని ప్రక్రియలనూ చూడగలడు కనుక ఈ తనిఖీని బయటినుంచే చేయవచ్చు.

మరొక పరిమితి కూడా ఉంది. మూలసంకేతం నుంచి నేరుగా నిర్మించిన ప్రోగ్రాములు, పైథాన్ పిప్ ద్వారా వచ్చిన గ్రంథాలయాలు ఈ డేటాబేస్‌లో కనిపించవు. డేటాబేస్‌లో ఏ ప్యాకేజీకీ చెందని ఫైళ్లను వెతకడం ద్వారానే వాటి ఉనికి తెలుస్తుంది.

7. శిక్షణ ప్రయోగశాలకు అన్వయం:

పై చర్చను దిల్‌సుఖ్‌నగర్ - ఎల్.బి.నగర్ పరిధిలో నడిచే తరహా ప్రయోగశాలకు అన్వయిద్దాం. ఒక హోస్ట్‌పై 40 విద్యార్థి గెస్టులు, 2 సేవా గెస్టులు ఉన్నాయని భావిద్దాం. సేవా గెస్టులలో ఒకదానిలో హాజరు, ఫీజు వివరాలు, మరొకదానిలో పాఠ్యసామగ్రి ఉంటాయి.

విద్యార్థి గెస్టులలో బాహ్య నిర్వహణ విధిస్తే కోర్సు లక్ష్యమే దెబ్బతింటుంది. ప్యాకేజీని స్థాపించడం, ఆధారపడే ప్యాకేజీల చిక్కులు విప్పడం, పాడైన డేటాబేస్‌ను బాగుచేయడం విద్యార్థి నేర్చుకోవలసిన పనులు. ఉద్యోగంలో అతనికి అప్పగించేదీ ఆ పనే. తప్పుచేసే అవకాశం లేనిచోట ఆ నేర్పు రాదు. అందువల్ల ఇక్కడ అంతర్గత నిర్వహణే తగినది. అయితే డేటాబేస్ నకలును హోస్ట్ ప్రతిరోజూ బయటకు తీసి తేదీవారీగా భద్రపరచాలి. డిపికెజి విషయంలో ఈ నకలు కొన్ని పాఠ్యఫైళ్లతో సరిపోతుంది. నిన్నటి నకలునూ నేటి నకలునూ పోల్చితే ఏ గెస్ట్‌లో ఏది మారిందో తెలుస్తుంది. తన గెస్ట్‌ను పాడుచేసుకున్న విద్యార్థికి అధ్యాపకుడు ఆ మార్పులను చూపి కారణం వివరించగలడు.

సేవా గెస్టుల పరిస్థితి వేరు. అక్కడ విద్యార్థుల వ్యక్తిగత వివరాలున్నాయి. ఆ గెస్ట్ లోపల ప్యాకేజీలు మార్చవలసిన అవసరం ఎవరికీ లేదు. కాబట్టి బాహ్య నిర్వహణ తగినది. వెబ్ ప్రోగ్రాములోని లోపం ద్వారా ఎవరైనా గెస్ట్‌లోకి చొరబడినా, బయటి డేటాబేస్‌లోని సరిచూపు సంఖ్యలతో పోల్చి మారిన ఫైళ్లను గుర్తించవచ్చు.

ఈ విభజనకు చట్టపరమైన నేపథ్యం కూడా ఉంది. భారత కంప్యూటర్ అత్యవసర ప్రతిస్పందన బృందం (సెర్ట్-ఇన్) 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం నిర్దేశిత సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటలలోగా నివేదించాలి. సర్వర్ లాగ్‌లను 180 రోజులపాటు భద్రపరచాలి. ఈ ఆదేశాలు సేవాదాతలతోపాటు కార్పొరేట్ సంస్థలకు కూడా వర్తిస్తాయి. ఆరుగంటల వ్యవధిలో నలభై రెండు గెస్టులలోకి ఒక్కొక్కటిగా ప్రవేశించి వెతకడం ఆచరణలో కష్టం. బయట భద్రపరచిన డేటాబేస్ నకళ్లు ఉంటే, ఏయే గెస్టులు ప్రభావితమయ్యే అవకాశముందో ఒకే అన్వేషణతో తేలుతుంది. సాఫ్ట్‌వేర్ భాగాల పట్టికలపై సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు వెలువరించింది. అటువంటి పట్టికకు సహజమైన ప్రారంభసామగ్రి ప్యాకేజీ డేటాబేసే.

8. పరిశోధనారంగానికి ప్రాసంగికత:

భాషాసాహిత్య పరిశోధనలో కంప్యూటర్ వినియోగం పెరుగుతున్న కొద్దీ ఈ అంశం సాంకేతికవిభాగాలకు మాత్రమే పరిమితం కాదు. ఒక పరిశోధకుడు గెస్ట్ సర్వర్‌లో తెలుగు పదసూచికను అకారాదిక్రమంలో అమర్చాడనుకుందాం. ఆ క్రమాన్ని నిర్ణయించేది చాలా సందర్భాలలో జీలిబ్‌సీ అనే మూలగ్రంథాలయంలోని క్రమపట్టిక. 2018లో వెలువడిన జీలిబ్‌సీ 2.28లో ఈ పట్టికలను అంతర్జాతీయ ప్రమాణానికి అనుగుణంగా విస్తృతంగా సవరించారు. డెబియన్ 9లో ఉన్నది 2.24, డెబియన్ 10లో ఉన్నది 2.28. కాబట్టి ఒకే జాబితా, ఒకే ఆదేశం రెండు గెస్టులలో భిన్నక్రమాలను ఇచ్చే అవకాశముంది. సిద్ధాంతగ్రంథానికి అనుబంధంగా ప్యాకేజీల జాబితాను చేర్చితే తరువాతి పరిశోధకులు అదే ఫలితాన్ని తిరిగి రాబట్టగలుగుతారు.

9. ముగింపు:

పై పరిశీలనలో తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1) గెస్ట్‌లోని ఫైలుకూ దాని మూలానికీ మధ్య ఉన్న సంబంధాన్ని తెలిపే ప్రధాన రికార్డు ప్యాకేజీ డేటాబేస్. హార్ట్‌బ్లీడ్ వంటి సందర్భాలలో ప్రోగ్రాము చెప్పే వెర్షన్ దానికి ప్రత్యామ్నాయం కాదు.

2) అంతర్గత నిర్వహణ గెస్ట్‌కు స్వేచ్ఛనిస్తుంది, కానీ నమోదు విశ్వసనీయతను తగ్గిస్తుంది. బాహ్య నిర్వహణ విశ్వసనీయతను పెంచుతుంది, కానీ గెస్ట్ వాడుకరి చేతులు కడుతుంది.

3) ఎంపికకు రెండు ప్రశ్నలు చాలు. గెస్ట్‌లో రూట్ హోదా ఎవరిది? ఆ గెస్ట్ వల్ల నష్టం జరిగితే సమాధానం చెప్పవలసినది ఎవరు? ఇద్దరూ ఒకరే అయితే అంతర్గత నిర్వహణ సరిపోతుంది. వేరైతే నమోదు, కనీసం దాని నకలు, సమాధానం చెప్పవలసినవారి దగ్గర ఉండాలి.

4) ఏ పద్ధతిని ఎంచుకున్నా అధికారిక డేటాబేస్ ఒక్కటే ఉండాలి. లోపల ఒకటి, బయట ఒకటి విడివిడిగా మారుతూపోతే రెండూ నమ్మదగనివవుతాయి.

విసర్వర్ స్థానంలో నేడు ఇతర కంటైనర్ వ్యవస్థలు వాడుకలోకి వచ్చినా ఈ నిర్ణయాలు మారవు. ఎల్.బి.నగర్‌లోని చిన్న ప్రయోగశాలకైనా, విశ్వవిద్యాలయ సర్వర్ గదికైనా ఇవే వర్తిస్తాయి. ప్రయోగశాల ప్రణాళికలో యంత్రాల సామర్థ్యం, గెస్టుల సంఖ్యతోపాటు డేటాబేస్ ఎవరి ఆధీనంలో ఉంటుంది, దాని నకలు ఎక్కడ ఉంటుంది, దాన్ని ఎవరు సరిచూస్తారు అన్న మూడు అంశాలను కూడా ముందే నిర్ణయించి రాసిపెట్టుకోవడం అవసరం.